తగరపువలసలో తీసిన గాలి

మొన్నీమధ్య టైర్ల షాపులో ఒకాయన నాకు ఆల్ సీజన్ టైరు గొప్పతనం చెప్పబోయాడు. ఎండకి మెత్తబడదట, వానకి జారదట, చలికి బిగుసుకుపోదట. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయ్యా, విశాఖపట్నంలో మేం టాక్సీలు తోలిన రోజుల్లో ఉన్నవన్నీ ఆల్ సీజన్ టైర్లే. కాలానికో టైరు కొనే మొహం మాలో ఎవడికీ లేదు" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. టైర్ల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నిజానికి ఆ కోపం వాళ్ళ మీద కాదు.

డెబ్బైలలో మా స్టాండు రైల్వే స్టేషనుకి దగ్గర్లో ఉండేది. పన్నెండో పదమూడో అంబాసిడర్లు. ఒక్కదానికీ నాలుగు కొత్త టైర్లు ఒకేసారి ఉన్న పాపాన పోలేదు. అరిగిన టైరుకి మళ్ళీ రబ్బరు వేయించడం, అదీ అరిగితే ఇంకోసారి వేయించడం, పక్కన చీలితే లోపల పాత టైరు ముక్క పెట్టి ట్యూబుని కాపాడుకోవడం, ఇదీ మా సంసారం. ఆ టైరే మే నెలలో కరిగిన తారు మీద పోవాలి, ఆగస్టులో పోర్టు రోడ్డు మీదా పోవాలి. పోర్టు రోడ్డు సంగతి తోలినవాళ్ళకే తెలుసు. ఓడల్లోకి ఎక్కించే ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా రోడ్డంతా పరుచుకుని ఉండేది. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయంటే బండి మన మాట వినేది కాదు. బ్రేకు మీద కాలు పెడితే అడ్డం తిరిగి, మనం వచ్చిన దారినే మనకి చూపించేది.

వీటన్నిటికీ మా దగ్గర ఒకటే మందు. గాలి తీయడం. వానాకాలం టైరు రోడ్డుని బాగా పట్టుకుంటుందని తీసేవాళ్ళం. ఎండాకాలం లోపలి గాలి వేడెక్కి, ఉబ్బి, పేలుతుందని తీసేవాళ్ళం. దూరం బేరానికి పోతూ దారిలో ఎక్కడో నీడ చూసి బండి ఆపాలి. టైరు మీద అరచెయ్యి వేసి చూడాలి. కాలితే మూత విప్పి, అగ్గిపుల్లతో పిన్ను నొక్కి, బుస్సుమని కొంత వదిలేయాలి. ఇది నాకు నేర్పిన డ్రైవరు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయనకి నేర్పినవాడు మిలిటరీ లారీలు తోలినవాడట. యుద్ధం నుంచి వచ్చిన విద్యని ఎవడు ప్రశ్నిస్తాడు? గాలి తీయనివాణ్ణి మా స్టాండులో చేతకానివాడి కింద లెక్కేసేవాళ్ళం. "ఒరే, దానికి ఊపిరాడనీరా!" అని తిట్టేవాళ్ళం. అందరికంటే గట్టిగా తిట్టేది నేనే. మా బండ్లకి అప్పుడప్పుడూ టైర్లు పేలేవి కూడా. పేలిన ప్రతిసారీ మేం అనుకున్నది ఒక్కటే, ఇంకాస్త గాలి తీసి ఉండాల్సింది అని.

మా బావకి, అంటే మా చెల్లెలి మొగుడికి, డ్రైవింగ్ నేర్పింది నేను. శ్రీకాకుళం అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది. ఉన్న పొలం చెక్క ముగ్గురు అన్నదమ్ములకి చాలక ఊళ్ళోకి వచ్చి కంచరపాలెంలో కాపురం పెట్టాడు. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళం. నెమ్మదైన మనిషి. స్టీరింగు ముందు కూర్చుంటే రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, మెడ ముందుకి చాచి, ఎడ్లబండి తోలుతున్నట్టే తోలేవాడు. స్పీడు ముల్లు నలభైకి చేరితే ఆయనకి చెమట్లు పట్టేవి. స్టాండులో అందరూ ఆటపట్టించేవాళ్ళు.

"నీ బండెక్కితే పెళ్ళికెల్లినోళ్ళు బారసాలకి సేరుకుంటారు బావా" అనేవాణ్ణి నేను.

"సేరుకుంటారు కదేటి, అది సాలు" అనేవాడు నవ్వి.

నేను చెప్పిందల్లా తు.చ. తప్పకుండా చేసేవాడు. ఆయిలు చూడమంటే రోజూ చూసేవాడు. గాలి తీయమంటే ఎండాకాలం రాగానే పొద్దున్న బండి కదిలే ముందే కొంత తీసేసి ఉంచేవాడు. ఎవరైనా ఎందుకని అడిగితే "బావ సెప్పినాడు" అనేవాడు. అక్కడితో ఆ మాట అయిపోయినట్టే.

అది మే నెల. సీతమ్మధారలో ఒక ఆఫీసరుగారి కుటుంబం శ్రీకాకుళంలో చుట్టాల గృహప్రవేశానికి రెండు టాక్సీలు మాట్లాడుకుంది. మగవాళ్ళు నా బండిలో, ఆడవాళ్ళు నలుగురూ బావ బండిలో. ఆ బండి మీద క్యారియర్‌కి ఇత్తడి సామాను, బియ్యం బస్తా. ఆఫీసరుగారు నా పక్క సీట్లో కూర్చున్నారు. ఆయన భార్య బావ బండిలో వెనక సీట్లో ఎడమవైపు తలుపు పక్కన కూర్చుంది. సన్నగా, నవ్వుమొహంతో ఉండే మనిషి. నలభై ఏళ్ళు కూడా ఉండవు.

తగరపువలస చేరేసరికి పదకొండు దాటింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. సోడాల కోసం ఆపాం. ఆవిడ రోడ్డు పక్కన తాటిముంజలు కొని, మా ఇద్దరికీ చెరో రెండు ఆకులో పెట్టి ఇచ్చింది. నేను తింటూనే బావ బండి చుట్టూ తిరిగాను. వెనక ఎడమ టైరు మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టు కాలింది. అది రెండోసారి రబ్బరు వేసిన టైరు.

"బావా, దీనికి గాలి తియ్యలేదేటి?"

"పొద్దున్నే తీసినాను బావా. ఇరవై పౌన్లకి దించీసినాను."

"ఇంకా కాల్తంది. ఇంకొంచెం తియ్యాలి."

"మరీ మెత్తబడిపోదా? లోడుంది."

"నాకు సెప్తావేటి నువ్వు?" అన్నాను. అలాగే అన్నాను. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, ఒక పుల్లతో నేనే పిన్ను నొక్కాను. వేడిగాలి చేతికి తగిలింది. బావ పక్కనే నిలబడి బుద్ధిగా చూశాడు. వెనకున్న రెండో టైరుకీ అలాగే తీశాను. ఇక భయం లేదని ఆడవాళ్ళకి ధైర్యం కూడా చెప్పాను.

గోస్తనీ బ్రిడ్జి దాటి నాలుగైదు మైళ్ళు పోయాం. నేను ముందు, బావ వెనక. ఢామ్మని చప్పుడు వినిపించింది. ఎక్కడో రాళ్ళు పేలుస్తున్నారనుకున్నాను. అద్దంలో చూస్తే వెనక రోడ్డు ఖాళీగా ఉంది. బండి వెనక్కి తిప్పాను. రోడ్డు పక్క పల్లంలో, తాటిచెట్ల మధ్య, బావ బండి చక్రాలు పైకి పెట్టి పడి ఉంది. ఇత్తడి బిందెలు పొలంలో దొర్లి ఉన్నాయి. ముగ్గురు ఆడవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. బావకి భుజం ఎముక విరిగింది. ఎడమవైపు తలుపు ఊడి ఆఫీసరుగారి భార్య బయటికి పడిపోయింది, బండి ఆవిడ మీద పడింది. మేం లేపేసరికే ప్రాణం లేదు. ఆఫీసరుగారు ఆవిడ చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని రెండో చెప్పు కోసం పొలమంతా వెతికారు. నేనూ వెతికాను. అంతకంటే ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తోచలేదు.

బావ మీద కేసు పెట్టారు. అజాగ్రత్తగా, అతివేగంగా నడిపి మనిషి ప్రాణం తీశాడని. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చూసి, స్టీరింగు బాగుంది, బ్రేకులు బాగున్నాయి, ప్రమాదానికి బండిలో లోపం కారణం కాదని రాసిపోయాడు. టైరు పీలికలై ఉంది. అది ముందు పేలిందో, పల్లంలో పడి పేలిందో ఆ కాగితంలో లేదు.

మా వకీలు తెలివైనవాడు. నన్ను పక్కకి పిలిచి, "చూడవయ్యా, మనకి ఉన్నది ఒకటే దారి. టైరు పాతదని, రెండుసార్లు రబ్బరు వేసిందని, దానంతట అదే పేలిందని చెప్పు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు" అన్నాడు. సరేనన్నాను. బోనెక్కేదాకా ఆ మాటే వల్లె వేసుకున్నాను.

ప్రభుత్వం తరఫు వకీలు నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "మీ స్టాండు వాళ్ళకి టైరంటే ఏమిటో తెలుసా? చిరిగేదాకా తోలడమే కదా మీ పని?" అన్నాడు. అంతే. నా ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది ముందు నా వృత్తిని అంత మాటంటాడా?

"ఎవరనుకున్నారు బాబూ మమ్మల్ని? ఆ టైరు నా సేత్తో నాను సూసినాను. తగరపువలసలో ఆపి, సెయ్యేసి సూసి, ఎండకి ఎంత తియ్యాలో అంత గాలి తీసినాను. ఆ టైరుకి ఏ లోపమూ నేదు."

"లోపం లేదంటారు?"

"నేదు. నా హామీ."

మా వకీలు కళ్ళు మూసుకున్నాడు. జడ్జిగారు రాసుకున్నారు. బోను దిగి వస్తూ బావ వైపు గర్వంగానే చూశాను. మన పరువు నిలబెట్టానన్నట్టు. ఆయన కూడా తల ఊపాడు పాపం. బండిలో లోపం లేదు, టైరులో లోపం లేదు. ఇక మిగిలింది డ్రైవరు. బావకి ఆరు నెలల జైలు పడింది, లైసెన్సు పోయింది.

జైలుకి చూడ్డానికి వెళ్ళిన మొదటిసారి బావ ఒకటే అన్నాడు. "నాను జోరుగా పోనేదు బావా. ముప్ఫై అయిదు దాటనేదు." రెండోసారి వెళ్ళినప్పుడు, "దాటనేదనే అనుకుంతన్నాను" అన్నాడు. నాలుగో నెలలో వెళ్ళినప్పుడు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చే రోజుకి ఆయన మనసులో తీర్పు అయిపోయింది. కోర్టువాళ్ళు చదువుకున్నవాళ్ళు, టైరు బాగుందని బోనెక్కి బావే చెప్పాడు, మరి బండి ఎందుకు పడింది? నేనే జోరుగా పోయి ఉంటాను, నాకే గుర్తు లేదు. ఇదీ ఆయన లెక్క. అందులో తప్పు పట్టడానికి నా దగ్గరా ఏమీ లేదు. నేను కూడా అలాగే నమ్మాను. మా చెల్లితో కూడా అన్నాను, "ఒక్క చణం కాలు బరువయ్యుంటుందే, ఎవలికైనా అవుద్ది" అని. ఓదార్పనుకున్నాను.

ఆ తర్వాత బావ రిక్షా తొక్కాడు. కంచరపాలెం రైలు గేటు దగ్గర నిలబడేవాడు. ఊరు మొత్తంలో అంత నెమ్మదిగా రిక్షా తొక్కేవాడు ఇంకొకడు లేడు. పల్లం వస్తే దిగి, బ్రేకు పట్టుకుని నడిపించేవాడు. రైలు టైమైపోతోందని జనం తిట్టేవాళ్ళు. ఒకసారి ఎక్కినవాడు రెండోసారి ఎక్కేవాడు కాదు. తన కూతురు వీధిలో పరుగెడితే గుండెలు బాదుకుని కేకలు వేసేవాడు. ప్రతి ఏడూ మే నెలలో ఆ రోజున మాత్రం రిక్షా తీసేవాడు కాదు. పొద్దున్నే తలస్నానం చేసి, సీతమ్మధార దాకా నడిచి, ఆ ఆఫీసరుగారి ఇంటికి ఎదురుగా రోడ్డుకి ఇవతల నిలబడేవాడు. గంటో రెండు గంటలో నిలబడి తిరిగి వచ్చేసేవాడు. ఆఫీసరుగారు ఒక్కసారీ బయటికి రాలేదు. చెల్లి ఎంత చెప్పినా వినేవాడు కాదు.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు నేను టాక్సీ మానేసి ఒక కాంట్రాక్టరు దగ్గర జీపుకి కుదిరాను. ఒక వానాకాలం మా డ్రైవర్లందరినీ రేకుల షెడ్డులో కూర్చోబెట్టి భద్రత మీద పాఠం చెప్పించారు. చెప్పినాయన గోదావరి జిల్లాల వాడు, టైర్ల పనిలో తల పండినవాడు.

"మీలో ఎంతమంది ఎండలో టైరు కాలితే గాలి తీస్తారండీ?" అని అడిగాడు.

అందరం చేతులెత్తాం. నాదే ముందు లేచింది.

"అయితే మీరంతా ఇక్కడ కూర్చున్నారంటే అదృష్టమండీ" అన్నాడాయన.

నేను ఊరుకుంటానా? లేచి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది, మిలిటరీ నుంచి వచ్చిన పద్ధతి ఇది, పుస్తకాలు చదివి మాకు చెప్పడానికి వచ్చారా అని గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. కింద పడి ఉన్న ఇనుప కట్టుతీగ ముక్క ఒకటి తీసి నా చేతికిచ్చాడు. "వంచండి. ఇటు వంచండి. మళ్ళీ అటు. ఆపకండి." ఇరవై సార్లు వంచాను. "ఇప్పుడు ఆ వంపు దగ్గర ముట్టుకోండి."

కాలింది.

"ఎండ లేదు కదండీ ఇక్కడ. వానొస్తోంది బయట. మరి అదెందుకు కాలింది? వంగబట్టి. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ అలా నలుగుతుందండీ. మీరు గాలి తీస్తే ఇంకా నలుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. గాలి ఎంతుందో చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. కాలుతున్న టైరుని మాత్రం ముట్టుకోకూడదు."

షెడ్డు మీద వాన చప్పుడుకి నా మాట నాకే సరిగ్గా వినపడలేదు. "మరి... రబ్బరేసిన టైరయితే? నిండా లోడుండి, పొద్దున్నొకసారి, దారిలో ఇంకోసారి గాలి తీస్తే?"

"పేలిపోతుందండీ."

"జోరుగా పోతేనే కదా?"

"జోరెందుకండీ? ముప్ఫైలో పోయినా పేలుతుంది."

కూర్చున్నాను. తీగ ఇంకా చేతిలోనే ఉంది. అందరూ నన్ను చూసి, భలే నోరు మూయించాడని నవ్వుకుంటున్నారు.

ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాల్సింది. అది తెలియని పసివాణ్ణి కాదు నేను. గాజువాక నుంచి బస్సెక్కి కంచరపాలెంలో దిగాను కూడా. బావ గడప దగ్గర కూర్చుని రిక్షా గొలుసుకి నూనె రాస్తున్నాడు. "రా బావా" అన్నాడు. చెల్లి టీ ఇచ్చింది. వాన గురించి, సరుకుల గురించి మాట్లాడి వచ్చేశాను. వచ్చే ఆదివారం చెప్దామనుకున్నాను. దసరా వెళ్ళాక అనుకున్నాను. ఇప్పుడు చెప్తే ఏం లాభం, జైలు ఎలాగూ అయిపోయింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదంతా ఒట్టి మాట. భయం. బావ నన్ను బావా అని పిలవడం మానేస్తాడని, చెల్లి నా మొహం చూడదని భయం. రోడ్డు మీద ఎవడితోనైనా కలబడే నేను, ఆ ఇంటి గడప ముందు పరమ పిరికివాణ్ణయిపోయాను.

మళ్ళీ మే నెల వచ్చింది. ఆ రోజు రేపనగా బావ నా దగ్గరికి వచ్చాడు. "ఈసారి కాళ్ళు నొప్పులుగా ఉన్నాయి బావా. తోడు రాగలవా?" అన్నాడు. సరే, దారిలో చెప్పేద్దామని వెళ్ళాను. దారంతా చెప్పలేదు.

సీతమ్మధారలో ఆ ఇంటి ఎదురుగా నిలబడ్డాం. పావుగంటలో తలుపు తెరుచుకుంది. ఆఫీసరుగారే బయటికి వచ్చి, గేటు తీసి, బావని చెయ్యూపి పిలిచారు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నేను బావ వెనక నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను.

"ప్రతి ఏడూ వస్తున్నావు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు ఎంత స్పీడులో పోయావు?"

బావ రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. "ఎక్కువే బాబూ. జోరుగానే పోయినాను."

"కోర్టులో కాదన్నావు కదా?"

"అబద్దమాడినాను బాబూ. అమ్మగారిని నానే సంపీసినాను."

నా నోట్లో మాట ఉంది. నాలుక చివరే ఉంది. కాదండీ, టైరండీ, నేనండీ అంటే సరిపోయేది. నేను అనలేదు. ఎదురింటి గోడ మీద అంటించిన కాగితం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకుని, "సరే. నిజం చెప్పావు. ఇక రాకు" అని లోపలికి వెళ్ళిపోయారు.

తిరిగొస్తుంటే బావ, "ఇయ్యాల కొంచెం తేలిగ్గా ఉంది బావా" అన్నాడు. ఆ మాటని నేను ఆసరాగా పట్టుకున్నాను. తేలికపడ్డాడు కదా, ఇంకెందుకు కెలకడం అని ఇంకో రెండు నెలలు ఊరుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి ఒక రోజు రైలు గేటు దగ్గర బస్సు దిగాను. బావ రిక్షాలో ఒక పెద్దమనిషి కూర్చుని, తొందరగా తొక్కమని అరుస్తున్నాడు. బావ వెనక్కి తిరిగి, మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు. "జోరుగా తొక్కను బాబూ. జోరు తోటి ఒక మనిషిని సంపీసినాను." ఆ పెద్దమనిషి భయపడి దిగి నడిచి వెళ్ళిపోయాడు. బావ ఏమీ అనుకోలేదు. రిక్షా పక్కకి తీసి పెట్టుకున్నాడు. ఇంకెంతమందికి చెప్పాడో అలా.

అక్కణ్ణుంచి బావని నేరుగా ఇంటికి తీసుకెళ్ళి, చెల్లినీ ఆయన్నీ కూర్చోబెట్టి చెప్పేశాను. తీగ సంగతి, గాలి సంగతి, అన్నీ. నన్ను కొడితే బాగుండునని అనిపించింది. బావ నా ముందుకి జరిగాడు.

"అయితే నాను జోరుగా పోనేదా?"

"పోనేదు బావా."

"ముప్ఫై అయిదేనా?"

"ముప్ఫై అయిదే అయ్యుంటాది. నువ్వెప్పుడు దాటినావు గనక?"

ఆయన చెల్లి వైపు తిరిగాడు. "ఏమే, ఇన్నావా? నాను జోరుగా పోనేదంట!" అని, రెండు చేతుల్తో మొహం కప్పుకుని పెద్దగా ఏడ్చాడు. నా వైపు ఒక్క కోపపు చూపు కూడా చూడలేదు.

చెల్లి కూర్చున్నచోటే చేపలు కడుగుతోంది. చేతులు నీళ్ళల్లోనే ఉంచి అడిగింది. "నీకెప్పుడు తెలిసింది అన్నియ్యా?"

"పోయిన ఏడు వానల్లో."

"అంటే ఈయన ఆ బాబు కాళ్ళ మీద పడినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఈయన నిద్దట్లో బ్రేకు బ్రేకని కలవరిస్తాడు. గుండె మీద సెయ్యేసి పడుకోబెడతాను. ఈ ఏడాదంతా కూడా పడుకోబెట్టినాను." అంతే అంది. మళ్ళీ చేపల వైపు తిరిగింది. ఆ తర్వాత చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

బావ అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. "పద బావా. సీతమ్మధార ఎల్దాం. ఆ బాబుకి అబద్దం సెప్పీసినాను. ఎల్లి నిజం సెప్పాలి." నడుస్తానన్నాడు. నేనే ఆటో ఆపాను. దారంతా ఆయన కాళ్ళు ఒకచోట నిలవలేదు. ఎప్పుడూ లేనిది, డ్రైవరుతో "కొంచెం జోరుగా పోనీ బాబూ" అన్నాడు.

గేటు తీసే ఉంది. వాకిట్లో ఎవరో ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. ఆఫీసరుగారి గురించి అడిగాను.

"వాళ్ళా? బదిలీ అయి వెళ్ళిపోయారండీ. నెల దాటింది."

"ఎక్కడికమ్మా?"

"భిలాయో, రాంచీయో. అటువైపెక్కడో. మాకు అడ్రసు తెలియదండీ. మేం కొత్తగా దిగాం."

బావ గేటు కమ్మీ పట్టుకున్నాడు. "అమ్మా, నాను జోరుగా పోనేదమ్మా. గాలి తీసీబట్టి టైరు పేలింది. ఆ బాబుకి తప్పు సెప్పీసినానమ్మా."

ఆవిడ భయంగా నా వైపు చూసింది. "ఈయనకేమైందండీ?"

"ఆయనకేం కాలేదమ్మా. గాలి తీసింది నాను" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

బావ కమ్మీ వదల్లేదు. "ముప్ఫై అయిదు దాటనేదమ్మా" అని ఆ మూసిన తలుపుకి చెప్తూనే ఉన్నాడు.